గాలాల గట్టు మీద తొమ్మిదో ప్రశ్న

మధులత పుట్టిన ఇంట్లోకి కోడిగుడ్డు కూడా ఏనాడూ రాలేదు. తండ్రి సూర్యప్రకాశం గారు అంబాజీపేట దగ్గర ఒక పల్లెలో పురోహితులు. తల్లి సీతారామలక్ష్మి గారు ఆ ఊరి బడిలోనే టీచరు. అలాంటి ఇంటి పిల్ల ఇరవై ఏడో ఏట సంచిలో ట్యాబ్, మంచినీళ్ళ సీసా పెట్టుకుని, కాలవగట్ల వెంట స్కూటీ మీద తిరుగుతూ, గాలం వేసిన ప్రతి మనిషి దగ్గరా ఆగి "మీరు పట్టిన చేపని ఎందుకు తింటారండి?" అని అడగాల్సి వచ్చింది.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివింది. లెక్చరర్ పోస్టుకి రెండుసార్లు రాసింది, రెండుసార్లూ రాలేదు. రాజమండ్రిలో ఒక సర్వే కంపెనీ కాంట్రాక్టు మీద తీసుకుంటానంటే చేరింది. మొదటి ఏడాది సబ్బుల గురించీ, సెల్‌ఫోన్ టవర్ల గురించీ అడిగించారు. రెండో ఏడాది ఈ చేపల సర్వే వచ్చింది. నదిలో, కాలవల్లో, మురుగుకాలవల్లో సరదాకి గాలం వేసేవాళ్ళు ఎంతమంది, ఏం పడతారు, పట్టింది ఏం చేస్తారు అన్నది ఎవరికో కావాలట. ఎవరికో ఆమెకి చెప్పలేదు. మూడు నెలల్లో మూడువందల మందిని కలవాలని మాత్రం చెప్పారు.

ఫారంలో మొదటి ఎనిమిది ప్రశ్నలతో ఏ ఇబ్బందీ లేదు. పేరు, వయసు, వారానికి ఎన్ని రోజులు, ఏ ఎర, ఏ చేప. వాటికి జనం హుషారుగానే చెప్పేవారు. ఎర దగ్గర అయితే ఆపడం కష్టమయ్యేది. చిక్కంతా తొమ్మిదో ప్రశ్న దగ్గర. పట్టిన చేపను తినడానికి ముఖ్య కారణం ఏమిటి? రుచి, ఖర్చు కలిసిరావడం, తాజాదనం, అలవాటు, ఇతరములు. ఒక్కటే నొక్కాలి. నొక్కకపోతే పదో ప్రశ్న తెరుచుకోదు. ఇతరములు నొక్కితే కారణం టైపు చేసి, ఆఫీసులో సూపర్‌వైజర్ శశిభూషణ్ గారు ఒప్పుకునేదాకా ఆగాలి.

ధవళేశ్వరంలో ఎజ్రా అనే ఆటో డ్రైవరు పొద్దుట బేరాలు అయ్యాక గాలం వేసుకుని కూర్చునేవాడు. ఆమె మొదటి ఎనిమిదీ పూర్తి చేసి తొమ్మిదో దానికి వచ్చింది.

"నేను తిననండి," అన్నాడు ఎజ్రా. "చేప తింటే నాకు ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి."

"మరి వారానికి నాలుగు రోజులు పడతానన్నారు కదండి."

"పడతానండి. ఇంట్లో తింటారు."

"ఇంట్లోవాళ్ళు ఎందుకు తింటారండి?"

"మరి నేను పట్టుకెళ్తే ఏం చేస్తారండి, చూస్తూ కూర్చుంటారా?"

తను తినని మనిషి అర్హుడు కాదని ట్యాబ్ చెప్పింది. ఫారం రద్దయిపోయింది. అరగంట ఎండలో నిలబడింది వృథా.

కడియంలో బుల్లియ్య అని, నర్సరీలో పని మానేసిన పెద్దాయన ఉన్నాడు. ఆయన ఆలోచించకుండా "రుచండి," అన్నాడు. మధులతకి ప్రాణం లేచొచ్చింది. రుచి నొక్కి, పదో ప్రశ్నకి వెళ్ళబోతుంటే ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"రుచంటే ఏముందిలెండి. కాలవ చేప మట్టి కంపు. బజార్లో చెరువు చేపే మెత్తగా బాగుంటది."

"మరి రుచి అన్నారేంటండి?"

"మీరు ఎండలో వచ్చారు కదమ్మా. ఏదో ఒకటి చెప్పకపోతే ఏం బాగుంటదని అన్నాను."

కొంతమంది నాలుగూ కారణమే అనేవారు. కొంతమంది నాలుగూ కాదనేవారు. ఒకాయన ఈ ప్రశ్న ఎవరు రాశారో వాళ్ళ ఫోన్ నంబరు ఇమ్మన్నాడు. కానీ ఎక్కువమంది, ఊరేదైనా, వయసెంతైనా, ఆమె ముఖంలోకి వింతగా చూసి ఒకే మాట అనేవారు: "తినకపోతే ఏం చేయమంటారండి?" ఆ మాట వినీ వినీ మధులతకి విసుగు పోయి కోపం, కోపం పోయి నీరసం వచ్చాయి. అది జవాబు కాదు. తిరిగి వేసిన ప్రశ్న. దానికి ట్యాబ్‌లో గడి లేదు.

శశిభూషణ్ గారికి ఫోన్ చేస్తే ఆయన సమాధానం సిద్ధంగా ఉండేది. "మేడం, వాళ్ళు ఏం చెప్పినా దగ్గర్లో ఉన్నదేదో చూసి నొక్కేయండి. మనకి డేటా కావాలి. కబుర్లు వద్దు."

నొక్కేసింది. ముఖం కాస్త వెలిగితే రుచి, బట్టలు పాతవైతే ఖర్చు, పెద్దవయసైతే అలవాటు. నూట పన్నెండు ఫారాలు అలా పూర్తయ్యాయి. చదువుకున్న చదువుకి ఇది పద్ధతి కాదని తెలుసు. తెలిసీ చేస్తున్నందుకు తన మీద తనకి చిరాకు. ఆ చిరాకు రోజూ సాయంత్రం రాజమండ్రి హాస్టల్ గదికి వచ్చాక తలనొప్పిగా మారేది.

నూట పదమూడో మనిషి మండపేటలో తగిలాడు. పేరు అచ్చిబాబు. యాభై ఆరేళ్ళు. రైసుమిల్లులో బాయిలర్ చూస్తాడు. వారమంతా ఆవిరి పక్కన, ఊక పొగలో పనిచేసి, ఆదివారం పొద్దున్నే ఊరి చివర కాలవగట్టుకి వచ్చి కూర్చుంటాడు. మిల్లు రొదకి చెవులు కొంచెం మొద్దుబారాయి కాబట్టి గట్టిగా మాట్లాడతాడు. మనిషి మర్యాదస్తుడు. కూర్చోవడానికి తన బండి మీద సంచి తీసి పరిచాడు. ఎనిమిది ప్రశ్నలకీ ముక్కుకి సూటిగా చెప్పాడు.

"పట్టిన చేపని తినడానికి ముఖ్య కారణం ఏంటండి?"

"తినడానికి కాదండి నేను పట్టేది."

"మరి?"

"పట్టడానికే పడతానండి."

"పట్టాక తింటారా, తినరా?"

"తింటాను."

"అదేనండి, ఎందుకు?"

"పట్టాను కదండి మరి."

మధులత ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు కాలవ వంక చూసింది. గుర్రపుడెక్క తేలుతూ పోతోంది. ఈ మనిషితో ఇంకో పావుగంట పెట్టినా ఇంతకంటే ముందుకి పోదని అర్థమైంది. చూపుడువేలితో అలవాటు అన్న గడి నొక్కింది.

అచ్చిబాబు మెడ చాచి చూశాడు. "అలవాటని రాశారేంటండి?"

"దగ్గర్లో ఉన్నది అదేనండి."

"నేనలా అన్లేదు. సిగరెట్టు అలవాటు, అది మానేశాను. ఇది అలవాటు కాదండి. తప్పు రాయకండి."

"సరేనండి, మారుస్తాను," అని అబద్ధమాడి లేచింది.

నాలుగు రోజుల తర్వాత ఆఫీసు నుంచి ఫోన్. సర్వే నిజంగా జరిగిందో లేదో చూడటానికి పదిమందిలో ఒకరికి ఆఫీసువాళ్ళే ఫోన్ చేసి అడుగుతారు. అచ్చిబాబుకి చేశారు. మీరు అలవాటు అని చెప్పారా అంటే, చెప్పలేదు, ఆ అమ్మాయి వినలేదు, వద్దన్నా రాసుకుపోయింది అని గట్టిగా చెప్పాడట.

"ఏంటి మేడం ఇది," అన్నాడు శశిభూషణ్. "ఒక్క ఫారం తప్పని తేలితే ఆ మండలం మొత్తం మళ్ళీ చేయాలి. మీరు వెళ్ళి, ఆయన ఏం చెప్తే అది రాయించుకుని, సంతకం పెట్టించుకు రండి."

"మీరే కదండి దగ్గర్లో ఉన్నది నొక్కమన్నారు."

"నొక్కమన్నాను. దొరకమన్లేదు కదా."

ఆ ఆదివారం మధులత మళ్ళీ మండపేట వెళ్ళింది. దారంతా ఆయనతో అనాల్సిన మాటలు మనసులో వరసగా పేర్చుకుంది. తీరా వెళ్ళేసరికి అచ్చిబాబు ఆమెని చూసి, ఏమీ జరగనట్టే మళ్ళీ సంచి పరిచాడు. పక్కన ఆయన భార్య రత్నమాణిక్యం గారు ఇడ్లీల డబ్బా తెచ్చి నిలబడి ఉంది.

"ఈవిడేనే, నేను చెప్పిన అమ్మాయిగారు," అన్నాడు భార్యతో.

"మీరేనాండి," అంది రత్నమాణిక్యం. "ఆయన్ని ఆ ప్రశ్న అడక్కండి అమ్మాయిగారూ. ముప్ఫయ్యేళ్ళ నుంచి నేను అడుగుతున్నాను. బజార్లో చేపలు కడిగి, ముక్కలు కోసి, కవర్లో పెట్టి ఇస్తున్నారు. ఈయన తెచ్చేవి బతికుంటాయి, జారిపోతాయి, బండ మీద రుద్దీ రుద్దీ నా చేతులు చూడండి."

చేతులు చూపించింది. మధులతకి తాము ఇద్దరూ ఒకే ప్రశ్నతో ఒకే మనిషి దగ్గర అలసిపోయినవాళ్ళు అనిపించి, కొంచెం ఊరటగా ఉంది.

రత్నమాణిక్యం ఇంటికి వెళ్ళిపోయింది. మధులత ట్యాబ్ తెరిచింది. అంతలో అచ్చిబాబు ఫోన్ మోగింది. మిల్లు నుంచి. బాయిలర్లో ప్రెషర్ ఎక్కడం లేదని అక్కడున్న కుర్ర ఆపరేటరు కంగారు పడుతున్నాడు. ఫోన్లో అరిస్తే చేపలు బెదురుతాయని అచ్చిబాబు నమ్మకం. "ఒక్క నిమిషం పట్టుకోండి మేడంగారూ," అని గాలం కర్ర ఆమె చేతిలో పెట్టి, దూరంగా చింతచెట్టు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె వద్దనేలోపే వెళ్ళాడు. కర్రని రెండు వేళ్ళతో, తనది కాదన్నట్టు పట్టుకుంది. నీళ్ళ మీద గాలం దారానికి కట్టిన నెమలీక బెండు నిలబడి ఉంది. ఒక నిమిషం అన్నవాడు పది నిమిషాలైనా రాలేదు. వాల్వు తిప్పమని అరుస్తున్న మాటలు వినిపిస్తున్నాయి. ఎండ పెరుగుతోంది. ఆమె చూపు ఆ బెండు మీద పడింది, ఇక అక్కడి నుంచి పక్కకి పోలేదు. అది ఒకసారి వణికింది. ఆగింది. ఇంకోసారి వణికింది. ఆమెకి తెలియకుండానే రెండు వేళ్ళు ఐదయ్యాయి, రెండో చెయ్యి కూడా వచ్చి కర్ర మీద పడింది. బెండు చటుక్కున మునిగిపోయింది.

లాగాలని ఎవరూ చెప్పలేదు. భయంతో లాగింది. జానెడున్నర పొడుగు నల్లటి చేప గాల్లోంచి వచ్చి ఆమె వెనక గడ్డిలో పడి కొట్టుకుంది. మధులత కర్ర వదిలేసి నాలుగడుగులు వెనక్కి వేసింది.

అచ్చిబాబు పరుగున వచ్చాడు. "మట్టగిడసండి. బాగా పెద్దది పడింది."

"వదిలేయండి," అంది మధులత. "నీళ్ళలో వదిలేయండి, ప్లీజ్."

ఆయన చేపని రెండు చేతులా పట్టుకుని నోరు తెరిచి చూశాడు. ఆమెకీ చూపించబోయాడు. ఆమె చూడలేదు.

"మింగేసిందండి. గాలం పొట్టలోకి పోయింది. ఇది ఇంతే, ఆగకుండా మింగేస్తది. దారం కోసి వదిలితే వెళ్తది. కానీ బతకదండి. రేపో ఎల్లుండో ఎక్కడో తూటికాడ పొదలో తేలతది."

"బతకదా?"

"బతకదండి."

ఆయన ఆమె చెప్పేదాకా కదల్లేదు. చేప ఆయన చేతుల్లో నోరు తెరుస్తోంది, మూస్తోంది.

"పట్టింది మీరు," అన్నాడు. వెక్కిరింపు లేదు, మామూలుగానే అన్నాడు. "ఏం చేద్దామో చెప్పండి."

"నాకేం తెలుసండి. మీరు తీసుకెళ్ళండి."

"తీసుకెళ్ళి?"

"తినండి."

"ఎందుకండి?"

మధులతకి ఒళ్ళు మండింది. పొద్దున్నుంచీ టిఫిన్ లేదు, ఇంత దూరం వచ్చింది, ఈయన తన ప్రశ్న తనకే అప్పజెప్తున్నాడు. "ఎందుకేంటండి? దాన్ని చంపేశాం. ఇప్పుడు తినకపోతే ఏం చేస్తారు, పారేస్తారా?" అంది గట్టిగా.

అనేశాక ఆ మాట తనకే వినిపించింది. ధవళేశ్వరంలో, కడియంలో, ఆలమూరులో తన ముఖాన అందరూ అన్న మాట. అప్పుడు దాన్ని మొండితనం అనుకుంది.

అచ్చిబాబు నవ్వలేదు. తల ఊపి, చేపని అటు పక్కకి తీసుకెళ్ళి, ఒక్క దెబ్బతో దాని బాధ ముగించి, తడి గోనెలో చుట్టాడు. "పదండి. మా ఆవిడ మజ్జిగ ఇస్తది. ఎండగా ఉంది," అన్నాడు.

సంతకం కావాలి కాబట్టి వెళ్ళింది. కనీసం తనకి తాను అలా చెప్పుకుంది. వాళ్ళ ఇల్లు మిల్లు వెనక వీధిలో, రెండు గదుల డాబా. మధులత వీధి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగింది. దొడ్లో రత్నమాణిక్యం బండ మీద చేప రుద్దుతున్న చప్పుడు, మధ్యమధ్య మొగుణ్ణి అంటున్న మాటలు వినిపించాయి. తర్వాత పులుసు ఉడుకుతున్న వాసన వచ్చింది. ఏ వీధిలోనైనా ఆ వాసన వస్తే ముక్కు మూసుకుని స్కూటీ వేగం పెంచే మనిషి. ఇవాళ కదల్లేదు. ఆ ఉడుకుతున్నది ఏ చేపో తెలుసు, అది ఎంత పొడుగో తెలుసు. లేచి వెళ్ళిపోతే తప్పించుకున్నట్టు అవుతుందని అనిపించింది.

భోజనాలకి కొడుకు గణేష్‌బాబు వచ్చాడు. ట్రాక్టర్ షోరూమ్‌లో పని. ఎడం చేతిలో ఫోన్, కుడి చేతిలో ముద్ద. మధులత వరండాలోంచి చూస్తోంది. అచ్చిబాబు తల భాగం వేసుకుని ఓపిగ్గా, ఎముక ఎముకా విడదీసి తింటున్నాడు. రత్నమాణిక్యం సణుగుతూనే తోక ముక్క వేసుకుంది. గణేష్‌బాబు నడుం ముక్క సగం కొరికి, పక్కకి నెట్టి, చెయ్యి కడుక్కోవడానికి లేవబోయాడు.

"ఆ ముక్క వదిలేశారేంటండి?" అంది మధులత.

ముగ్గురూ తలెత్తి చూశారు.

"మట్టి వాసనండి," అన్నాడు గణేష్‌బాబు. "ఈ కాలవ చేపలు ఇంతే. నాన్న పడతారని తింటాం గానీ."

"వాసనొస్తే పులుసు ఇంకొంచెం కలుపుకోండి. వదిలేస్తే ఎలాగండి?"

ఆమె గొంతులో ఏం వినిపించిందో గానీ అతను కాదనలేకపోయాడు. కూర్చున్నాడు. ఫోన్ పక్కన పెట్టి ఆ సగం ముక్క తినేశాడు. పూర్తయ్యేదాకా మధులత చూస్తూనే ఉంది. ముళ్ళు తప్ప ఇంకేం లేదని చూసుకున్నాక అరుగు మీదకి వెళ్ళి కూర్చుంది. జన్మలో చేప రుచి చూడనిదాన్ని, పరాయి ఇంట్లో పెద్ద కుర్రాణ్ణి చేప తినమని గదమాయించానేంటి అని సిగ్గు వేసింది. కానీ ఆ ముక్క చెత్తకుప్పలోకి పోయుంటే ఈ రాత్రి నిద్ర పట్టేది కాదని కూడా తెలుసు.

అచ్చిబాబు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఇప్పుడు అడగండి ఆ ప్రశ్న."

"అక్కర్లేదండి," అంది. ఇతరములు నొక్కి, టైపు చేసింది: పట్టాక తినకుండా ఉండలేరు, ప్రాణం తీసినందుకు. ఆయనకి చదివి వినిపించింది.

"ఆయ్," అన్నాడు అచ్చిబాబు. "ఇందుకు ఇన్నాళ్ళు పట్టిందాండి మీకు?"

ఆ మాటకి మళ్ళీ ఒళ్ళు మండింది. అయినా సంతకం పెట్టించుకుని వచ్చేసింది.

ఆ వారం ఫీల్డుకి వెళ్ళలేదు. హాస్టల్ గదిలో కూర్చుని, ఫారాలతో పాటు ట్యాబ్ దానంతటదే రికార్డు చేసిన మాటలన్నీ మళ్ళీ విన్నది. రుచి, అలవాటు, ఖర్చు అని తను నొక్కిన వాటిలో అరవై నలుగురు ఆ మాట అననే లేదు. అందరూ ఏదో రూపంలో అచ్చిబాబు చెప్పిందే చెప్పారు. తను వినలేదు. అరవై నాలుగూ మార్చి పంపింది. మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"మేడం, ఇతరములు ఐదు శాతం దాటకూడదు. మీది సగం దాటిపోయింది," అన్నాడు శశిభూషణ్.

"జనం చెప్పింది అదేనండి. ముందు పంపినవి తప్పు. నేనే ఊహించి నొక్కాను."

"ఆ మాట మెయిల్లో రాయకండి దయచేసి."

"రాసేశానండి."

"మీకు ఏమైనా ఇబ్బందిగా ఉందా మేడం? ఆరోగ్యం బాగానే ఉందా?"

"బాగానే ఉందండి. ప్రశ్నే బాగాలేదు."

ఆ అరవై నాలుగు ఫారాలనీ కంపెనీ పక్కన పెట్టేసింది. మిగతా పని ఇంకొకరికి ఇచ్చారు. రెండు నెలల తర్వాత వచ్చిన రిపోర్టులో, గోదావరి జిల్లాల్లో సరదాకి చేపలు పట్టేవారు వాటిని తినడానికి ప్రధాన కారణం రుచి అని ఉంది. పక్కన రంగురంగుల గుండ్రటి బొమ్మ. మధులత దాన్ని ఒకసారి చూసి, ఫోన్లోంచి తీసేసింది. కాంట్రాక్టు మళ్ళీ పొడిగించలేదు. ఆ దసరా సెలవుల తర్వాత రామచంద్రపురంలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరింది. ప్రశ్న ఎలా అడగాలో చెప్పే పాఠం వచ్చినప్పుడు ఆమె మామూలు కంటే ఎక్కువసేపు తీసుకుంటుందని పిల్లలు విసుక్కుంటారు.

ఇంట్లో మాత్రం ఆ సంగతి చాలా రోజులు దాచింది. చివరికి ఒక శనివారం, తండ్రి వీధరుగు మీద కూర్చుని పంచాంగం చూసుకుంటూ, ఆ ఉద్యోగం ఎందుకు పోయిందని అడిగితే చెప్పేసింది. గాలం పట్టుకోవడం దగ్గర నుంచి అంతా.

సూర్యప్రకాశం గారు కళ్ళజోడు తీశారు. "అంటే నీ చేత్తో ఒక జీవం పోయింది."

"పోయింది నాన్నగారూ. కావాలని కాదు."

"కావాలని కాదని నాకు తెలుసు. దానికి తెలియదు కదా."

లోపలి నుంచి తల్లి, "అయిపోయిన దాన్ని ఇప్పుడెందుకండి కెలకడం," అంది.

ఆయన వినిపించుకోలేదు. కాసేపు పంచాంగం అట్ట మీద వేళ్ళు ఆడించి, "వాళ్ళు తిన్నారా?" అని అడిగారు.

"తిన్నారు."

"పూర్తిగా?"

"ఒకతను సగం ముక్క వదలబోయాడు. నేను ఊరుకోలేదు."

సూర్యప్రకాశం గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "మంచిపని చేశావు," అని పంచాంగంలో పేజీ తిప్పారు. ఎవరిదో గృహప్రవేశానికి ముహూర్తం చూడాల్సి ఉంది ఆయనకి.